సేవ చేయబోయి శిష్యురాలైన వైద్యురాలు: మరియా మాంటిస్సోరి

పేదపిల్లలకు సేవ చేయటమంటే మనకున్న దానిలో కొంత తీసి వారికి ఇవ్వటమని సాధారణంగా అందరి అభిప్రాయం. ఇచ్చే చేయి పైన ఉంటుంది, పుచ్చుకొనే చేయి క్రింద ఉంటుంది. ఇచ్చినవారికి పుణ్యం దక్కుతుంది, పుచ్చుకొన్నవారికి పలకా బలపమూ దక్కుతాయి. అంతటితో లెక్క సరిపోయిందని మనం ఇంటిముఖం పడతాము. అయితే సేవ చేయబోయి ఆ పిల్లల యెదుట తామే విద్యార్థులై కూర్చున్న మహనీయులు కొందరు చరిత్రలో ఉన్నారు. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి వారిలో ఒకరు.

ఆమె పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. మన పట్టణాలలో శిశువిద్యాలయాల బోర్డులమీద ఆ పేరు విరివిగా కనిపిస్తుంది. పేరు తెలిసినంతగా చరిత్ర తెలియదు. ఆ పేరుగల బడులలో పెక్కింటికి నేడు ఫీజు చెల్లించగలవారి పిల్లలే వెళుతున్నారు గనుక, ఆమె ఏ పిల్లల మధ్య నిలిచి తన విద్యను తెలుసుకొన్నారో చెప్పుకోవటం అవసరమని మా నమ్మకం.

ఈ వ్యాసానికి మరొక కారణం కూడా కలదు. మా విద్యార్థులు కొందరు జాతీయ సేవాపథకం క్రింద కళాశాల వెనుకనున్న బస్తీలో సాయంకాలం పాఠాలు చెప్పటానికి వెళ్ళారు. అక్కడి తల్లులు ఇంటివద్ద బీడీలు చుడతారు. తండ్రులు దినకూలీలు. పిల్లలు బడికి వెళ్ళే రోజులకంటె వెళ్ళని రోజులు ఎక్కువ. పదిరోజులు గడవకముందే మా విద్యార్థులు తిరిగివచ్చి, ఆ పిల్లలు ఒకచోట కూర్చోరని, చెప్పినది వినరని, వారికి చదువు అబ్బదని మాతో అన్నారు. మేము తల ఊపాము. అలా తల ఊపినందుకు తరువాత ఎంతో సిగ్గుపడ్డాము. ఆ సిగ్గే ఈ రచనకు మూలం.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీలోని కియారవల్లె అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి, పాతకాలపు మనిషి. తల్లి రెనీల్డె చదువన్నా పుస్తకమన్నా ప్రీతిగల ఇల్లాలు. తల్లిదండ్రులకు మరియా ఒక్కతే సంతానం. 1875లో ఆ కుటుంబం రోము నగరానికి తరలివచ్చింది. పదమూడవ యేట ఆమె సాంకేతిక పాఠశాలలో చేరారు. ఆనాడు ఆడపిల్లలు చదువుకొంటే గింటే ఉపాధ్యాయినులు కావటానికే చదివేవారు. మరియా మాత్రం ఉపాధ్యాయిని కావటం తప్ప మరేదైనా అవుతానని పట్టుపట్టారు. విధి ఎంత చమత్కారమైనదో చూడండి! వద్దన్న వృత్తే ఆమెను లోకానికంతటికీ గురువును చేసింది.

మొదట ఇంజనీరు కావాలనుకొన్నారు. తరువాత మనసు వైద్యంవైపు మళ్ళింది. తండ్రికి అది ఇష్టం లేదు, తల్లి మాత్రం కుమార్తె ప్రక్కన నిలిచింది. 1890లో రోము విశ్వవిద్యాలయంలో ప్రకృతిశాస్త్రాలలో చేరి, వాటిని ముగించి, వైద్యవిద్యలో ప్రవేశించారు. మగవిద్యార్థుల సమక్షంలో ఒక స్త్రీ నగ్నశవాన్ని పరీక్షించటం ఆ కాలపు మర్యాదకు విరుద్ధం. అందుచేత అందరూ వెళ్ళిపోయిన పిమ్మట, శవాలున్న గదిలో ఆమె ఒంటరిగా కూర్చుండి శరీరశాస్త్రం నేర్చుకోవలసివచ్చింది. 1896 జూలైలో పట్టా చేతికి వచ్చింది. ఇటలీలో వైద్యపట్టా పొందిన తొలితరం స్త్రీలలో ఆమె ఒకరైనారు. అదే సంవత్సరం బెర్లినులో జరిగిన అంతర్జాతీయ మహిళా మహాసభలో, కష్టించే స్త్రీకి పురుషునితో సమానమైన కూలి దక్కాలని ఆమె వాదించారు.

ఇంతవరకు ఇది ఒక ప్రతిభావంతురాలి విజయగాథ మాత్రమే. ఆమె జీవితం మలుపు తిరిగినది 1897లో. ఆ సంవత్సరం ఆమె రోము విశ్వవిద్యాలయపు మానసిక చికిత్సాలయంలో స్వచ్ఛంద సహాయకురాలిగా చేరారు. ఆ పనిలో భాగంగా నగరంలోని పిచ్చాసుపత్రులకు వెళ్ళి, చికిత్సకు తగిన రోగులను ఎంపిక చేసి తీసుకొనిరావలసి ఉండేది. అక్కడ ఆమెకు పిల్లలు కనిపించారు. అప్పటివారు మందబుద్ధులని పేరుపెట్టిన పిల్లలు వారు. వారికి వేరే చోటు లేదు. మతిచలించిన పెద్దలతో కలిపి వారిని అక్కడే ఉంచేవారు. ఆటవస్తువు లేదు, పలక లేదు, చేతితో పట్టుకోవటానికి ఏమీ లేదు. నాలుగు గోడలు, తినే వేళకు తిండి, అంతే.

జీవితచరిత్రకారులు ఈ సందర్భంలో ఒక సంఘటన చెబుతారు. ఆ పిల్లలను కాపలాకాసే ఆయా ఒకామె వారిని గురించి అసహ్యంతో మాట్లాడింది. భోజనం ముగియగానే వారు నేలమీదపడి రొట్టెముక్కలకోసం ప్రాకులాడుతారని, తిండికి కక్కుర్తిపడే పశువులని ఆమె భావం. మరియా ఆ గదినంతటినీ ఒకసారి కలయజూశారు. ఆ గదిలో పిల్లల చేతికందే వస్తువు ఆ రొట్టెముక్కలు తప్ప మరొకటి లేదు. పిల్లలు వాటిని నోట పెట్టుకోవటంకంటె వ్రేళ్ళతో నలపటం, చిదమటం, దొర్లించటం ఎక్కువగా చేస్తున్నారు. వారిది కడుపు ఆకలి కాదని, చేతుల ఆకలి అని, ఆ చేతులద్వారా ఏదో తెలుసుకోదలచిన బుద్ధి ఆకలి అని ఆమెకు తోచింది.

ఆయా చూచినదీ మరియా చూచినదీ ఒకే దృశ్యం. ఒకామె అందులో పిల్లల లోపాన్ని చూచింది, మరొకామె గది లోపాన్ని చూచింది. మాంటిస్సోరి విద్యావిధానమంతా ఈ రెండు చూపుల నడుమనున్న దూరంలోనే పుట్టిందని మేము భావిస్తున్నాము.

ఆ నాటినుండి ఆమె వైద్యురాలి కళ్ళతో గ్రంథాలయాలను గాలించారు. ఫ్రాన్సు దేశంలో ఇటార్ అనే వైద్యుడు, అడవిలో దొరికిన ఒక బాలునికి చదువు చెప్పటానికి పూర్వం ప్రయత్నించి ఉండెను. ఆయన శిష్యుడు సెగెఁ అదే మార్గంలో, బుద్ధి ఎదగని పిల్లలకు స్పర్శద్వారా, చూపుద్వారా, చేతిపనిద్వారా విద్య నేర్పే సాధనాలు రూపొందించెను. లోకం మరచిన ఆ ఇద్దరి గ్రంథాలను మరియా చదివారు. ఈ పిల్లల సమస్యకు మందుకంటె విద్య ముఖ్యమని ఆమె నిర్ణయానికి వచ్చారు. 1898లో టూరిన్ నగరంలో జరిగిన విద్యాసభలో, ఉపాధ్యాయుల యెదుట, ఒక వైద్యురాలు నిలబడి ఈ మాట చెప్పటం పెద్ద సంచలనం కలిగించింది.

1900లో రోములో, ఇట్టి పిల్లలకు బోధించే ఉపాధ్యాయులను తయారుచేయటానికి ఒక శిక్షణ పాఠశాల ప్రారంభమైనది. దానికి అనుబంధంగా పిల్లల తరగతులు ఉండేవి. సహవైద్యుడైన జ్యుసెప్పె మొంతెసానోతో కలిసి మరియా దానికి సంచాలకురాలైనారు. ఉదయం మొదలు సాయంత్రం వరకు పిల్లలతో గడిపి, రాత్రివేళ ఆనాటి పరిశీలనలను వ్రాసుకొని, మరునాటికి కొత్త సాధనాలు సిద్ధంచేసుకొనేవారు. ఆ కాలమే తనకు నిజమైన ఉపాధ్యాయ శిక్షణ అని తరువాత ఆమె అంగీకరించారు. ఫలితం ఆశ్చర్యకరం. పిచ్చాసుపత్రులనుండి వచ్చిన ఆ పిల్లలలో కొందరు చదవటం, వ్రాయటం నేర్చుకొని, మామూలు బడిపిల్లలు కూర్చొనే ప్రభుత్వ పరీక్షలకు కూర్చొని ఉత్తీర్ణులైనారు.

దేశం ఆమెను వేనోళ్ళ పొగడింది. అద్భుతం చేసిందన్నారు. ఆమె మాత్రం ఆ పొగడ్తల నడుమ వేరొక ఆలోచనలో పడ్డారు. ఏ ఆశా లేదని వదలివేసిన పిల్లలు మామూలు పిల్లలకు సమానం కాగలిగితే, ఆరోగ్యంగా, తెలివిగా పుట్టిన మామూలు పిల్లలను ఇంత క్రింద నిలిపి ఉంచుతున్నది ఏమిటి? మేకులు కొట్టిన సీతాకోకచిలుకలవలె పిల్లలను బల్లలకు అంటించి కూర్చోబెట్టే ఆ బడులేనా? ఈ ప్రశ్న పుట్టిన తరువాత ఆమెకు ఆ కీర్తిలో సుఖం లేకపోయింది. 1901లో ఆ పదవిని విడిచి, ముప్పదియవ యేట తిరిగి విద్యార్థినిగా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టి తత్త్వశాస్త్రమూ మానవశాస్త్రమూ అభ్యసించారు. ఇటార్, సెగెఁల గ్రంథాలను స్వహస్తంతో ఇటాలియను భాషలోనికి మార్చి వ్రాసుకొన్నారు. ప్రతి మాటనూ తూచిచూడటానికి చేతివ్రాత ఒక్కటే మార్గమని ఆమె నమ్మిక. చేతితో నేర్చుకోవటమనే సూత్రాన్ని పిల్లలకు చెప్పకముందే తనమీద ప్రయోగించుకొన్నారన్నమాట.

ఆ పదవిని విడవటం వెనుక మరొక వేదన ఉన్నది. మహనీయుల జీవితాలు వ్రాసేవారు ఇట్టివి కప్పిపుచ్చటం పరిపాటి. మేము అలా చేయదలచుకోలేదు. 1898 మార్చి 31న మరియాకు మొంతెసానోవలన ఒక కుమారుడు కలిగాడు. వారికి వివాహం జరగలేదు. పెండ్లికాని తల్లికి ఆనాటి సంఘంలో వైద్యవృత్తి గాని, విశ్వవిద్యాలయం గాని దక్కే అవకాశం లేదు. మారియో అని పేరుపెట్టిన ఆ పసివానిని పల్లెలోని ఒక కుటుంబానికి పెంపకానికి ఇచ్చారు. 1901లో మొంతెసానో మరొక స్త్రీని వివాహమాడారు. పరుల పిల్లలకోసం రేయింబవళ్ళు శ్రమించిన ఆ తల్లి, తన బిడ్డను అప్పుడప్పుడు వెళ్ళి చూచి రావటంతోనే తృప్తిపడవలసివచ్చింది. తన తల్లి మరణించిన తరువాత, 1913 ప్రాంతంలో, ఆమె మారియోను తన వద్దకు తెచ్చుకొన్నారు. అయినా ఎంతోకాలం లోకానికి మేనల్లుడనే చెప్పుకొన్నారు. ఎవరికీ అక్కరలేని పిల్లల ముఖాలలో ఆమె ఏమి చూచి ఉంటారో ఊహించటం కష్టం కాదు.

ఇక ఆమె జీవితంలోని రెండవ మలుపు. రోము నగరంలో సాన్ లొరెంజో అనే పేట ఉన్నది. 1880ల నాటి గృహనిర్మాణపు జూదంలో పెద్ద పెద్ద భవనాలకు పునాదులు వేసి, సొమ్ము చాలక, సగంలో విడిచిపెట్టారు. ఆ మొండిగోడల మధ్య నిలువనీడ లేనివారు, కూలీలు, నేరస్థులు చేరి కాపురముండేవారు. తరువాత ఒక గృహనిర్మాణ సంస్థ వాటిని బాగుచేయించి కూలికుటుంబాలకు అద్దెకు ఇచ్చింది. తల్లిదండ్రులు పనికి వెళ్ళగానే, బడి యీడు రాని పిల్లలు మెట్లమీద, వసారాలలో తిరుగుతూ క్రొత్తగా వేసిన సున్నం గీకి గోడలు పాడుచేసేవారు. గోడల మరమ్మతుకు అయ్యే ఖర్చుకంటె ఆ పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టే ఖర్చు తక్కువని ఆ సంస్థ అధిపతి తలామో లెక్కవేశారు. పిల్లల బాధ్యత తీసుకోమని డాక్టరు మాంటిస్సోరిని కోరారు. ఒక మహత్తర ఉద్యమానికి మూలం గోడల సున్నం!

విశ్వవిద్యాలయంలో బోధించే వైద్యురాలు కూలివాడలో పసిపిల్లలను కాచే పనికి పూనుకోవటం తోటివారికి విడ్డూరంగా తోచింది. ఆమె వెనుదీయలేదు. 1907 జనవరి 6న మార్సి వీధిలోని ఆ భవనంలో ఒక గది తెరిచారు. యాభైకి పైగా పిల్లలు చేరారు. బెదురుచూపులు, ఏడుపుముఖాలు, పోషణలేని శరీరాలు. ఉపాధ్యాయ శిక్షణ లేని ఒక సామాన్య యువతిని వారికి నియమించారు. శిక్షణ లేకపోవటమే మేలైందని మరియా తరువాత తలచారు, ఎందుచేతనంటే పాతబడి అలవాట్లు ఆ యువతికి లేవు. ఒక మిత్రురాలి సూచనమేరకు ఆ చోటికి బాలగృహమని పేరుపెట్టారు. ఫీజు లేదు. పిల్లలను శుభ్రంగా పంపటం, ఉపాధ్యాయినిని గౌరవించటం, తల్లి వారానికి ఒకసారి వచ్చి మాట్లాడటం మాత్రం నిబంధనలు.

అక్కడ జరిగినవి చూచి మరియాయే మొదట నమ్మలేకపోయారు. మూడేళ్ళ పాప ఒకతె, కొయ్యదిమ్మెలోని గుంటలలో తగిన కొయ్యబిళ్ళలు అమర్చుతున్నది. అన్నీ అమర్చి, తిరిగి తీసివేసి, మళ్ళీ అమర్చుతున్నది. మరియా లెక్కపెట్టసాగారు. చుట్టూ పిల్లలచేత పాటలు పాడించారు. పాప కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టించారు. పాప దిమ్మెను ఒడిలో పట్టుకొని తన పని తాను చేసుకొన్నదే గాని తల ఎత్తలేదు. నలభైకి పైబడి పర్యాయాలు చేసి, తృప్తిగా చిరునవ్వు నవ్వి, లేచిపోయింది. చిన్నపిల్లలకు మనసు నిలవదని లోకం చెప్పే మాట అక్కడ తలక్రిందులైంది.

ఒకనాడు ఉపాధ్యాయిని ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు రోజు అలమారకు తాళం వేయటం మరచింది. పిల్లలు అలమార తెరిచి, ఎవరికి కావలసిన వస్తువు వారు తీసుకొని పనిలో మునిగి ఉన్నారు. ఉపాధ్యాయిని దానిని దొంగతనమని భావించి మందలించబోయింది. తమకు ఏది కావాలో పిల్లలకు తెలుసునని మరియా దానినుండి గ్రహించారు. నాటినుండి తాళం పోయి, పిల్లల చేతికందే ఎత్తున అరలు వచ్చాయి. మరొకనాడు ఆమె పిల్లలకు చేతిరుమాలుతో చప్పుడు కాకుండా ముక్కు చీదుకోవటం నేర్పారు. పాఠం ముగియగానే పిల్లలందరూ చప్పట్లు చరిచారు. ఆమె నిశ్చేష్టురాలైనారు. ముక్కు కారుతున్నదని నిత్యం తిట్లు తినటమే గాని, ఎట్లా తుడుచుకోవాలో ఆ పిల్లలకు అంతకు పూర్వం ఎవరూ చెప్పలేదు. వారికి అది పాఠం కాదు, మర్యాద దక్కటం.

చదువు చెప్పాలని ఆమె మొదట అనుకోలేదు. అక్షరం రాని తల్లులు వచ్చి బ్రతిమాలారు. అప్పుడు గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టలకు అంటించి, వ్రేలితో తడుముతూ ధ్వనిని పలికించారు. ఆ సంవత్సరం డిసెంబరులో, ఎండ కాసిన ఒకనాడు, మేడమీద ఒక అయిదేళ్ళ బాలునికి సుద్దముక్క ఇచ్చి, ఎదుటనున్న పొగగొట్టం బొమ్మ గీయమన్నారు. బొమ్మ గీచిన పిమ్మట ఆ బాలుడు ఉన్నట్టుండి నేలమీద ఒక మాట వ్రాశాడు, మరొక మాట వ్రాశాడు, తనకు వ్రాయటం వచ్చిందని కేకలు వేశాడు. తక్కిన పిల్లలు గుమికూడి సుద్ద అడిగారు. నాటినుండి తలుపులమీద, గోడలమీద, నేలమీద అన్నిచోట్లా అక్షరాలే. గోడలు పాడుచేస్తారని ఏ పిల్లలను గదిలో పెట్టారో, ఆ పిల్లల చేతులే ఇప్పుడు గోడలకు చదువు నేర్పినవి!

మొక్కై వంగనిది మానై వంగునా అని మనకొక సామెత ఉన్నది. ఉపాధ్యాయులమైన మేము బెత్తం చేతబట్టి ఎన్నోసార్లు చెప్పిన మాట అది. సాన్ లొరెంజో పిల్లలు మరియాకు నేర్పినది వేరు. మొక్కను వంచటం తోటమాలి పని కాదు. నేలను చదునుచేయటం, నీరు పెట్టటం, ఎండ తగిలేటట్లు చూడటం అతని పని. ఎదగటం మొక్క తాను చూచుకొంటుంది.

1908లో మిలాను నగరంలోను బాలగృహం వెలసింది. ఆ సంవత్సరాంతంలో మెస్సీనా భూకంపం వేలాది కుటుంబాలను నాశనం చేసింది. తల్లిదండ్రులను కోల్పోయి, నోట మాటరాక, తిండి సహించక, నిద్రపట్టక ఉన్న అరవైమంది వరకు పసిపిల్లలను రోముకు తెచ్చి, సన్యాసినుల మఠంలో ఇదే పద్ధతిలో పెంచారు. బల్ల సర్దటం, పూలు అమర్చటం, వడ్డించటం వంటి చిన్నచిన్న పనులద్వారా వారికి క్రమంగా ఆకలీ నిద్రా నవ్వూ తిరిగి వచ్చాయి. 1909లో తన అనుభవాలను గ్రంథంగా ప్రకటించారు. 1912లో ఆంగ్లానువాదం అమెరికాలో వెలువడగానే ఆమె పేరు ఖండాంతరాలకు ప్రాకింది. నిలకడైన ఆదాయంగల వైద్యవృత్తిని ఆమె పూర్తిగా విడిచిపెట్టారు.

తరువాతి కథ కీర్తికథ. కీర్తితోపాటు పరీక్షలూ వచ్చాయి. అమెరికాలో 1914లో కిల్‌పాట్రిక్ అనే విద్యావేత్త ఆమె పద్ధతిని తీవ్రంగా విమర్శించాడు. పిల్లల ఊహకు, కల్పనకు ఇందులో చోటు తక్కువని నేటికీ కొందరి ఆక్షేపణ. 1924నుండి కొంతకాలం ముస్సోలినీ ప్రభుత్వపు ఆదరణను ఆమె అంగీకరించారు. బడులు పెరిగితే చాలుననుకొన్నారేమో గాని, అది మెచ్చుకోదగిన పని కాదు. నియంతకు కావలసినది ఆజ్ఞకు తలవంచే పిల్లలు. ఆమెకు కావలసినది స్వయంగా ఎంచుకొనే పిల్లలు. ఈ రెండూ ఒక కప్పు క్రింద ఎంతకాలం ఇముడుతాయి? 1934లో ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. జర్మనీలో నాజీలు అంతకుముందే మూయించారు. 1936లో స్పెయిను అంతర్యుద్ధం ఆమెను బార్సిలోనానుండి తరిమింది. అరవై ఆరవ యేట ఇల్లూ వాకిలీ లేక హాలెండులో తలదాచుకొన్నారు.

మన దేశంతో ఆమె బంధం అప్పుడే బలపడింది. అంతకుముందే, 1920లో, గుజరాతులోని భావనగరంలో గిజుభాయి బధేకా ఆమె పద్ధతిని మన పిల్లలకు అనువుగా మలచి బాలమందిరం నెలకొల్పారు. 1931లో గాంధీజీ లండనులో ఆమె శిక్షణ సంస్థకు వెళ్ళి ప్రసంగించారు. 1939 చివర దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఆమె మద్రాసు అడయారుకు వచ్చారు. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. మూడువందలమందికి పైగా ఉపాధ్యాయులు ఆ తొలి శిక్షణకు వచ్చారు. తాటాకు కప్పిన పాకలలో, నేలమీద చాపలపై కూర్చున్న వారికి ఆమె ఇటాలియనులో చెప్పగా, మారియో ఆంగ్లంలో అనువదించేవారు.

1940 జూనులో ఇటలీ యుద్ధంలో దిగింది. ఇటలీ పౌరులు ఆంగ్లప్రభుత్వానికి శత్రువులైనారు. మారియోను అహమ్మదునగరు నిర్బంధశిబిరానికి పంపారు. మరియా అడయారు ఆవరణ దాటరాదని ఆంక్ష విధించారు. ఎన్నడో పసితనంలో దూరమై, తిరిగి దక్కిన కొడుకు వృద్ధాప్యంలో మళ్ళీ దూరమైనాడు. ఆగస్టు 31న ఆమెకు డెబ్బై యేండ్లు నిండాయి. ఆ సందర్భాన వైస్రాయి మారియోను విడుదల చేయించి, అదే ఆమె జన్మదిన కానుక అని తంతి పంపారు. యుద్ధకాలంలో కొంతభాగం కొడైకెనాలులో గడిపి, అక్కడి పిల్లల మధ్య తన భావాలను మరింత విస్తరించుకొన్నారు. అహమ్మదాబాదు, శ్రీనగరు, కరాచీ, కొలంబో మొదలైనచోట్ల శిక్షణలిచ్చారు. ఈ గడ్డమీద ఆమెవద్ద శిక్షణ పొందినవారు వెయ్యిమందికి పైమాటే.

1946లో ఐరోపాకు వెళ్ళి, మరుసటి సంవత్సరం మళ్ళీ మన దేశానికి వచ్చారు. 1949, 1950, 1951 సంవత్సరాలలో నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు ప్రతిపాదించారు, బహుమతి రాలేదు. 1952 మే 6న హాలెండులోని నోర్డ్‌వైక్ అనే సముద్రతీర గ్రామంలో, ఎనభై రెండవ యేట కన్నుమూశారు. ఆమె మరణశాసనంలో మారియో మేనల్లుడు కాడు, కుమారుడు. జీవితకాలమంతా నలుగురిలో చెప్పుకోలేకపోయిన మాటను ఆ కాగితం చెప్పింది.

విద్యార్థులారా! ఈ జీవితంనుండి మనం తీసుకోదగినది ఏమి? అందరమూ మాంటిస్సోరులము కాలేము. కాని పిచ్చాసుపత్రి గదిలో ఆమె చూచిన చూపు డబ్బుపెట్టి కొనవలసినది కాదు. పిల్లవాడు కూర్చోకపోతే, వాని బుద్ధిని అనుమానించేముందు మన గదిని ఒకసారి కలయజూడటం ఎవరికైనా సాధ్యమే. మా ఉర్దూ విభాగపు మిత్రులు సేవను ఖిద్మత్ అంటారు, విద్యను తాలీమ్ అంటారు. మరియా జీవితంలో ఈ రెండు మాటలకూ నడుమ గోడ లేదు. ఖిద్మత్ చేయటానికి వెళ్ళి తాలీమ్ పొంది తిరిగివచ్చారు.

ఈ చరిత్ర చదివిన తరువాత మేము మా విద్యార్థులతో కలిసి తిరిగి ఆ బస్తీకి వెళ్ళాము. అంతకు ముందు మేము ఒక్కమారైనా అక్కడికి వెళ్ళి చూడలేదన్నది మా రెండవ తప్పు. ఒక విద్యార్థిని ఈసారి నల్లబల్లను ప్రక్కన పెట్టి, చింతగింజలు, సీతాఫలం గింజలు కలిపి ఒక చేటలో పోసి పిల్లల మధ్య ఉంచింది. ఎప్పుడూ కూర్చోడని మాతో చెప్పిన పిల్లవాడు వాటిని వేరుచేసి, పదేసి గింజలు కుప్పలుగా పెట్టి, పది కుప్పలయ్యేవరకు లేవలేదు. మేము మాట్లాడించినా వినిపించుకోలేదు. రోజూ తల్లి ప్రక్కన కూర్చుండి బీడీలు లెక్కపెట్టి కట్టలు కట్టే పిల్లవాడు వాడు. వాడికి లెక్కలు రావని మేము నమ్మి ఉన్నాము.

అందరు పిల్లలూ ఆనాడే మారిపోయారని మేము చెప్పము. కొందరు ఇప్పటికీ పారిపోతారు. మా విద్యార్థులలో సగంమంది మళ్ళీ రాలేదు. వచ్చినవారు మాత్రం ఇప్పుడు ఫిర్యాదులకు బదులు చూచిన సంగతులు చెబుతున్నారు. వారి చూపు మారింది, మా చూపూ కొంత మారింది.

చివరగా కళాశాల పాలకవర్గంవారికి మా మనవి ఒకటి. సాయంకాలం తరగతులు ముగిసిన తరువాత మన గదులన్నీ ఖాళీగా ఉంటాయి. ఆ పిల్లలకోసం క్రిందిభాగంలో ఒక గది, ఆ గదిలో వారి చేతికందే ఎత్తున ఒక అల్మారా దయచేయించండి. ఖర్చు స్వల్పం. అల్మారాకు తాళం మాత్రం వద్దు.